మధ్య పదం

వేట నిషేధం మొదలైన రోజున తెప్పల్ని ఇసక మీదికి లాగుతున్నప్పుడు మా పేటలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా ఇంజన్ తెప్ప ఏదీ నీళ్ళలోకి దిగకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం, గవర్నమెంటు రూలు. మిగతా మగాళ్ళకి అది వలలు బాగుచేసుకునే కాలం, చుట్టాలిళ్ళకి తిరిగే కాలం. మా ఆయన ధనుంజయకి మాత్రం ఆ రెండు నెలలూ ఒంట్లో ముల్లు విరిగినట్టే ఉంటుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేస్తాడు. వీధి చివరిదాకా పోయి సముద్రాన్ని చూసి వస్తాడు. వచ్చి మళ్ళీ కూర్చోడు. ఒక్కోసారి కంచం చేత్తో పట్టుకుని నిలబడే తినేస్తాడు.

ఆ ఏడు దానికి తోడు ఇంకో దిగులు వచ్చిపడింది. నడుం నొప్పనీ, పొద్దున్నే మొహం ఉబ్బుతోందనీ పలాస ఆసుపత్రికి తీసుకెళ్తే, రక్తం పరీక్ష చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మా ఉద్దానంలో ఆ కాగితం చూసి డాక్టరు ఏం చెబుతుందో ముందే తెలిసిపోతుంది. మా మామగారిని తీసుకుపోయింది కూడా అదే కిడ్నీ జబ్బు. అయితే ఇంకా మొదట్లోనే ఉందనీ, జాగ్రత్తపడితే చాన్నాళ్ళు నెట్టుకురావచ్చనీ ఆవిడ చెప్పింది. ఎండలో నీళ్ళు చాలకుండా గంటలకి గంటలు ఉండకూడదంది. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో మాత్రలు కొని మింగకూడదంది.

"అంటే సముద్రం మానీమంటన్నారా?" అన్నాడు మా ఆయన.

సముద్రం అని తను అనలేదంది ఆవిడ. అనకపోయినా అదే. తెప్ప మీద మోసుకెళ్ళే నీళ్ళు ఎంత, ఆ ఎండ ఎంత, రాత్రికి భుజాలు లాగేస్తుంటే ఆ మాత్ర లేకుండా మర్నాడు వల లాగటం ఎంత, మా ఇద్దరికీ తెలుసు.

ఒడ్డున ఉండి చేసే పని ఒకటి కనిపించకపోలేదు. పూండి నుంచి మా వైపు వచ్చే రోడ్డు పక్కన ఎవరో ఐస్ ఫ్యాక్టరీ కడుతున్నారు. మిషన్ చూసుకునే మనిషి కావాలట, ఇంజన్ పని తెలిసి ఉండాలట, పదో తరగతి పాసై ఉండాలట. ఇంజన్ గురించి మా ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పదో తరగతి దగ్గరే చిక్కు. చిన్నప్పుడు లెక్కల్లో తప్పి సముద్రంలోకి పోయిన మనిషి. తర్వాత ఎప్పుడో హోంగార్డు పోస్టులు పడతాయంటే ఓపెన్ స్కూల్లో కట్టి మిగతావన్నీ గట్టెక్కాడు, లెక్కలు మళ్ళీ తప్పాడు. పోస్టులూ పడలేదు. ఆ తర్వాత పుస్తకం మూసేశాడు.

నేను ఇంటర్ చదివాను, అదీ లెక్కల గ్రూపు. పెళ్ళయ్యాక కుట్టు మిషనే నా చదువు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఏమీ అడక్కుండానే ఈసేవకి వెళ్ళి సప్లిమెంటరీకి కట్టేసి వచ్చాను. మా అమ్మాయి ధరణి తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం తీసి అరుగు మీద పెట్టాను.

"నీ దగ్గర నేర్సుకోవాలా నాను?" అన్నాడు.

"మరెవులి దగ్గర నేర్సుకుంటావు?"

అటు సముద్రం వైపు చూశాడు. కూర్చున్నాడు.

మొదటి రోజే కారణాంకాలు తీశాను. పరీక్షలో తప్పకుండా వచ్చేది అదే, అది వస్తే వర్గ సమీకరణాలూ వచ్చినట్టే. పలక మీద x² + 7x + 12 అని రాసి, దీన్ని రెండు ముక్కల గుణకారంగా విడగొట్టాలన్నాను.

"ఎక్స్ అంటే ఎంత?"

"ఎంతో ఇక్కడ అక్కర్నేదు మావా."

"ఎంతో తెలవకుండా ముక్కలు ఎలగ సేత్తాం?"

ఆ మాట దగ్గరే ఆ పూట అయిపోయింది. లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి, ఏదీ మళ్ళీ పెట్టు అన్నాడు. ఈసారి తిరగేసి పెట్టాను. (x + 3) ని (x + 4) తో గుణించమన్నాను. గుణకారం అతనికి వచ్చు. x² వచ్చింది, నాలుగు x లూ మూడు x లూ కలిపి ఏడు x లు వచ్చాయి, మూడు నాలుగులు పన్నెండు వచ్చింది. పొద్దున నేను రాసినదే తన చేతి కిందికి వచ్చేసరికి కాసేపు అలాగే చూశాడు.

"ఇప్పుడు ఎనక్కి రా," అన్నాను. "పన్నెండు దేంతో దేన్ని గుణిత్తే వత్తాది?"

"రెండార్లు. మూడు నాలుగులు. ఒకటీ పన్నెండూ."

"అందులో కలిపితే ఏడు వచ్చినవి ఏవి?"

"మూడూ నాలుగూ." పలక వైపు చూసి, "ఇంతేనా?" అన్నాడు.

ఇంతే అన్నాను. నడుమ ఉన్న ఏడు x ని మూడు x, నాలుగు x గా విడగొట్టడమే మొత్తం పని. ఆ తర్వాత ఒక్కో జతలోంచీ ఉమ్మడిగా ఉన్నది బయటికి తీయడమే. x² + 8x + 15 ఇచ్చాను. మూడూ ఐదూ అన్నాడు. x² + 9x + 20 ఇచ్చాను. నాలుగూ ఐదూ అన్నాడు, ఈసారి నిలబడే. ఇంకోటి ఇచ్చేసరికి గుమ్మం దగ్గరున్నాడు. జవాబు వీధిలోంచి వినబడింది.

మా అత్త బుచ్చమ్మకి ఇది మొదట్నుంచీ గిట్టలేదు. మొగుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పలక పట్టించడం ఏ ఇంట్లో చూశావని నన్ను అడిగింది. సముద్రంలోకి పోని మగాడు ఒడ్డున ఏం చేస్తాడని కూడా అడిగింది. ఆవిడ రోజూ ఆ సమయానికి ఉప్పుచేపలు తిరగేసే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయేది.

మే నెల వచ్చేసరికి ఎండ మండిపోతోంది. మగాళ్ళంతా తెప్పల నీడన కూర్చుని వలలు అల్లుకునేవారు. మా ఆయనా అక్కడే. ఆ తెప్ప మా అన్న ఢిల్లీరావుదీ మాదీ కలిపి. సగం సగం. ఇంజన్ దగ్గర మా ఆయన, ముందు భాగాన వల దగ్గర మా అన్న. పెళ్ళికి ముందు నుంచీ అలాగే వెళ్తున్నారు. ఒకరికొకరు మాటతో చెప్పుకోనక్కర్లేనంత అలవాటు వాళ్ళకి. ఆసుపత్రి సంగతి మా అన్నకి తెలుసు. పరీక్ష సంగతీ తెలుసు. ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు.

ఓ మధ్యాహ్నం అన్నం పట్టుకుని వెళ్తే తెప్ప పక్క బల్ల నిండా తెల్లగా రాతలు. నా కుట్టు సుద్ద పట్టుకుపోయాడన్నమాట. వల అల్లుతూ మధ్యలో చెయ్యి ఖాళీ చేసుకుని లెక్కలు చేస్తున్నాడు. చూస్తే నాకు ముచ్చటేసింది. చివరి లెక్కలో మాత్రం తప్పుంది. x² − x − 12 కి (x − 3)(x + 4) రాశాడు. అలా అయితే నడుమ ప్లస్ x వస్తుంది. సుద్ద తీసుకుని, మైనస్ మూడుని ప్లస్ చేసి, ప్లస్ నాలుగుని మైనస్ చేశాను.

మా అన్న వలలోంచి తల ఎత్తాడు. "బావా, టీచరమ్మ తప్పెట్టింది. గోడకుర్చీ ఎయ్యి," అన్నాడు.

పక్క తెప్పల దగ్గరివాళ్ళు కూడా నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నవ్వుతూనే బకెట్టు తీసుకుని సముద్రం దాకా నడిచి, నీళ్ళు తెచ్చి, బల్ల మీద కొట్టాడు. ఇంకో బకెట్టు తెచ్చాడు. రాతంతా పోయేదాకా కొట్టి, గిన్నె నా చేతిలోంచి తీసుకుని తినడానికి కూర్చున్నాడు.

ఆ తర్వాత పుస్తకం ముట్టుకోలేదు. పొద్దున లేచి పోవడం, చీకటి పడుతుండగా రావడం. ఇంట్లో ఉన్నంతసేపూ ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ ఉండేవాడు. బాగున్న కుట్టు మిషను కూడా విప్పి, నూనె పోసి, మళ్ళీ బిగించాడు. నేను బతిమాలలేదు. బతిమాలితే ఇంకా దూరం పోతాడని తెలుసు.

ఆ వారమే మళ్ళీ రక్తం పరీక్ష కోసం పలాస వెళ్ళాం. వరండాలో మా వంతు కోసం నిలబడి ఉంటే, లోపలి గదిలోంచి ఒక మనిషి గోడ పట్టుకుంటూ వచ్చాడు. మోచెయ్యి దగ్గర కట్టు, కాళ్ళు చిక్కి చీపురుపుల్లల్లా ఉన్నాయి. మా ఆయన ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకున్నాడు. కవిటి వైపు మనిషి, కామేశ్. గుజరాత్ పోయి బోట్ల మీద పనిచేసిన రోజుల్లో ఇద్దరూ ఒకే బోటు. మా ఆయన కంటే చిన్నవాడు.

డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు రావాలని చెప్పాడు కామేశ్. మిగతా రోజులు పడుకోవడమే అన్నాడు. బోటు మీద ఎవరెవరు ఏమయ్యారో ఇద్దరూ చెప్పుకున్నారు. గుజరాతీ వంటవాడి సంగతి తలుచుకుని నవ్వుకున్నారు కూడా. మా ఆయన ఎందుకొచ్చాడో అప్పటిదాకా కామేశ్ అడగలేదు. చేతిలో కాగితం చూశాడు.

"ఎంతున్నాది?"

మా ఆయన కాగితం చూపించాడు. కామేశ్ దాన్ని చాలాసేపు చదివి మడతపెట్టి ఇచ్చాడు. "నీకు ముందే సెప్పినారు. నాకు ఎవులూ సెప్పనేదు," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా పక్కన జీడిపిక్కల బస్తాలు. మా ఆయన మోకాళ్ళు బస్తాకి ఆనించి, బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంత సేపు కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పూండి రైలు గేటు దగ్గర ఆటో ఆగింది. గూడ్సు బండి పోతోంది. ఆ చప్పుడులో నా వైపు వంగి అడిగాడు.

"గుణిత్తే మైనస్ వచ్చిందంటే, రెండిట్లో ఒకటే మైనస్. రెండూ అవ్వవు. అంతేనా?"

"అంతే."

"అయితే ఏదవ్వాలో ఎలగ తెలుత్తాది?"

"నడుమనున్న గుర్తు సూడు. పెద్దదానికి ఆ గుర్తే ఉంటాది."

"నాలుగు పెద్దది. నడుమ మైనస్. అయితే మైనస్ నాలుగు, ప్లస్ మూడు." బస్తా మీద వేలితో గీసి చూసుకున్నాడు. "ఆ రోజు నువ్వు దిద్దింది అదే."

గేటు తీశారు. ఇంటికి వచ్చాక చెప్పకుండానే పుస్తకం తీశాడు. అప్పట్నుంచి పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. నడుస్తూ చేసేవాడు. అరుగు ఈ చివర నుంచి ఆ చివరికి పోతూ, నేను మిషను తొక్కుతూ లెక్క చెబితే, తిరిగి వచ్చేసరికి జవాబు చెప్పేవాడు. తప్పయితే ఇంకో తిరుగుడు. త్రిభుజాలు అస్సలు ఎక్కలేదు. అవి వదిలేయమన్నాను. కారణాంకాలూ సమీకరణాలూ సగటులూ చాలు, గట్టెక్కడానికి.

జూన్ మొదటి వారంలో పరీక్ష అన్నారు. వడగాలులని వాయిదా వేశారు. కొత్త తేదీ ఫోన్‌లో వచ్చింది. చూసి, పొరపాటుందేమోనని ఇంకోసారి చూసి, మా ఆయనకి ఇచ్చాను. వేట తెరిచే రోజే పరీక్ష. సెంటరు టెక్కలి.

ఆ సాయంత్రమే మా అన్న వచ్చాడు. మామూలుగా ఇంట్లోకి వచ్చేసే మనిషి, ఆ రోజు గుమ్మం బయటే నిలబడ్డాడు. తెప్పకి రంగు వేయడం అయిందన్నాడు. గంగమ్మ తల్లికి కోడిని చూసి ఉంచానన్నాడు. నెలల తరబడి వల పడని నీళ్ళు, మొదటి రోజు చేప ఎలా ఉంటుందో మాకు వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళు దొరికారు గానీ ఇంజన్ దగ్గర ఎవరినీ నమ్మలేనన్నాడు. అలలు దాటించడం చేతకాని మనిషి చేతిలో పెడితే తెప్పతో పాటు మనుషులూ పోతారన్నాడు. అదంతా నిజమే.

"పరీచ్చ మళ్ళీ పెడతారు బావా. మొదటి రోజు మళ్ళీ రాదు," అన్నాడు.

మా ఆయన గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "వత్తాను," అన్నాడు.

మా అన్న నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. మా అత్త పెరట్లోంచి వచ్చి, కొడుక్కి ఇష్టమని చేప పులుసు పెట్టింది ఆ పూట. నేను పరీక్షకని తీసి ఉంచిన తెల్ల చొక్కాని మళ్ళీ పెట్టెలో పెట్టలేదు. తీగ మీద అలాగే ఉంచాను. సముద్రం మా అన్నకి ఎంత నిజమో, ఆ రక్తం కాగితం నాకు అంత నిజం. రెండిటి నడుమా ఆ మనిషి నిలబడి ఉన్నాడు.

తెల్లవారుతుండగా లేచి చూస్తే మంచం ఖాళీ. ఒడ్డుకి వెళ్ళేసరికి పేటంతా అక్కడే ఉంది. తెప్పల ముక్కులకి పసుపూ కుంకుమా, కొబ్బరికాయల నీళ్ళు. ఒక్కో తెప్పనీ ఇసక మీంచి తోస్తుంటే కేకలు. మా తెప్ప నీళ్ళలోకి దిగింది. మా ఆయన వెనక భాగాన భుజం ఆనించి తోస్తున్నాడు. నడుం దాకా, తర్వాత రొమ్ము దాకా నీళ్ళు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరూ ఎక్కారు. మా అన్న ఎక్కి, ఇంజన్ దగ్గరికి వచ్చి, వంగి చెయ్యి చాచాడు.

మా ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారో అలల హోరులో నాకు వినబడలేదు. ఓ అల వచ్చి తెప్పని ఎత్తి దించింది. ఇంకో అల వచ్చింది. అప్పుడు మా ఆయన చెయ్యి వదిలి, రెండు చేతులతో తెప్పని ముందుకి తోశాడు. ఇంజన్ చప్పుడైంది. మా అన్నే పట్టాడు. తెప్ప కాస్త పక్కకి వాలి, సర్దుకుని, తెల్లటి నురగ దాటి అవతలికి పోయింది. అది దాటేదాకా మా ఆయన ఆ నీళ్ళలోనే నిలబడ్డాడు.

ఒడ్డుకి వచ్చాక నా వైపు చూడలేదు. లుంగీ పిండుకుంటూ, "టెక్కలికి ఏ బస్సు దొరుకుతాది?" అన్నాడు.

నేను చెప్పేలోపే మా అత్త, "తడిబట్టల్తో ఎల్తాడేటి? ముందు ఇంటికి తీసుకుపో," అంది నాతో. ఆవిడ ఎప్పుడు వచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. ఇంట్లో పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఆ చొక్కా తనే తీసి కొడుక్కి ఇచ్చింది.

ఆటో పట్టుకుని పలాస, అక్కణ్ణుంచి బస్సులో టెక్కలి. గేటు వేసేలోపు చేరాం. లోపలికి వెళ్ళే కుర్రాళ్ళందరూ మా ఆయనని మాస్టారనుకుని దారి ఇచ్చారు. నేను బయట కొబ్బరిబొండాల బండి నీడన కూర్చున్నాను. ఆ పూటంతా నాకు పరీక్ష గుర్తు రాలేదు. మా అన్న అలలు దాటించాడు, తిరిగి దాటించుకుని రాగలడా అన్నదే గుర్తొచ్చింది. వదినకి ఫోన్ చేయడానికి మనసు రాలేదు. చేసి ఏం అడుగుతాను?

మా ఆయన బయటికి వచ్చేసరికి చొక్కా వీపంతా చెమట. మధ్యలో లేచి నిలబడితే కూర్చోమని మాస్టారు కేకలేశాడట. కాళ్ళు తిమ్మిరెక్కాయని చెప్పి కూర్చున్నాడట. కారణాంకాల లెక్క వచ్చిందన్నాడు. x² − 2x − 15. మైనస్ ఐదూ ప్లస్ మూడూ వేసి, నమ్మకం చాలక మళ్ళీ గుణించి చూసుకున్నాడట. సరిపోయిందట. మిగతావాటి సంగతి అడిగితే, ముందు ఇంటికి పద అన్నాడు.

మేము వచ్చేసరికి తెప్పలు వచ్చేశాయి. మా తెప్ప కూడా. ఒడ్డుకి వచ్చేటప్పుడు నీళ్ళెక్కి వల ఒకటి పోయిందట, మనుషులకి ఏమీ కాలేదట. మా ఆయన తిన్నగా ఒడ్డుకి వెళ్ళాడు. మా అన్న చేపలు వేరుచేస్తున్నాడు. తలెత్తలేదు. మా ఆయన పక్కనే కూర్చుని తనూ చేపలు వేరుచేశాడు. పని అయ్యాక ఎవరింటికి వాళ్ళు వచ్చేశారు. మొదటి రోజు మా ఇంటికి రావలసిన చేప ఆ రోజు రాలేదు.

అలాగే నెల పైన గడిచింది. మా అన్న ఈ వీధిలోకి రావడం మానేశాడు. వానలు పడుతుండగా రిజల్టు వచ్చింది. ధరణి ఫోన్‌లో చూసి, నాన్నా, పాస్, అంది. మా ఆయన ఎన్ని మార్కులని అడగలేదు. ఫోన్ తీసుకుని తన పేరు ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. ఆ సాయంత్రం చాలా దూరం నడిచి వచ్చాడు.

ఐస్ ఫ్యాక్టరీలో తీసుకున్నారు. తాగినంత నీళ్ళు, నెత్తి మీద కప్పు. కొత్తలో అక్కడా కూర్చోలేక మిషను చుట్టూ తిరుగుతుంటే, కుర్చీ వేసింది ఎందుకయ్యా అని మేనేజరు అడిగాడట. పలాసలో మళ్ళీ పరీక్ష చేస్తే పెరగలేదన్నారు. తగ్గలేదు కూడా. తెల్లవారుజామున ఇంజన్ల చప్పుడు వినబడితే ఇప్పటికీ లేచి గుమ్మం దాకా వెళ్తాడు. కాసేపుండి వస్తాడు. నేను నిద్రపోతున్నట్టు ఉంటాను.

వినాయక చవితి ముందు ఓ ఆదివారం, మా అన్న వచ్చాడు. చేతిలో పెద్ద వంజరం చేప. దాన్ని మా అత్తకి ఇచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంజన్ గురించి మాట్లాడుకున్నారు. వానలకి తడిసి స్టార్టు అవడం లేదంటే, ఏం చేయాలో మా ఆయన చెప్పాడు. పోయిన వల గురించి మాట్లాడుకున్నారు. నేను టీ తెచ్చి ఇచ్చాను. మా అన్న గ్లాసు అందుకుంటుంటే చూశాను, వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. కళ్ళ కింద కూడా.

టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"బావా, మంగళవారం పలాస ఎల్తన్నావంట."

"ఎల్తన్నాను."

"నానూ వత్తాను."

మా ఆయన ఎందుకని అడగలేదు. కూర్చున్న చోటు నుంచి కదలనూ లేదు. "పొద్దున్నే బేగి రా," అన్నాడు. "ఏటీ తినకుండా రా."